పాఠమూ పీఠమూ: కార్తేజ్ బిషప్పులు – రోమ్ అధికార వివాదం (క్రీ.శ. 250–426)

వ్యాససంగ్రహం:
రోమ్ బిషప్పుకు ఇతర నగరాల బిషప్పులపై అధికారం ఉన్నదా అనే ప్రశ్న క్రీ.శ. 3వ శతాబ్ది మధ్యలో కార్తేజ్ బిషప్పు సిప్రియన్‌కు, రోమ్ బిషప్పు స్టీఫెన్‌కు మధ్య తీవ్రరూపం దాల్చింది. అదే ప్రశ్న 5వ శతాబ్ది తొలి దశకాలలో అపియారియస్ అనే ప్రెస్బిటర్ వ్యవహారంలో తిరిగి తలెత్తింది. రెండు సందర్భాలలోనూ వివాదం లేఖలు, ప్రతులు, పాఠాంతరాల వద్దకే చేరింది. పాఠపరిశీలనను పక్కనపెట్టి ఈ అధికార చరిత్రను రాయడం సాధ్యం కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సిప్రియన్, స్టీఫెన్, కార్తేజ్, రోమ్ పీఠం, బాప్తిస్మ వివాదం, పాఠాంతరం, అపియారియస్, సార్డికా నియమాలు.

1. అనుమానం రేపిన లేఖ

క్రీ.శ. 250లో రోమ్ నుంచి కార్తేజ్‌కు ఒక లేఖ చేరింది. సామ్రాజ్యంలోని ప్రజలందరూ దేవతలకు బలి అర్పించాలని డెషియస్ చక్రవర్తి ఆజ్ఞ జారీచేసిన కాలమది. రోమ్ బిషప్పు ఫేబియన్ జనవరి 20న మరణించాడు. కార్తేజ్ బిషప్పు సిప్రియన్ నగరం విడిచి అజ్ఞాతంలో ఉన్నాడు. మందను వదిలి కాపరి తప్పుకున్నాడన్న ఎత్తిపొడుపు ఆ లేఖలో ధ్వనించింది. రాసినవారెవరో, ఎవరిని ఉద్దేశించి రాశారో మాత్రం అందులో లేదు. సిప్రియన్ ఆ నిందకు సమాధానం చెప్పే పని పెట్టుకోలేదు. రాత, భావం, చివరకు ఆ పత్రం కూడా తనకు సందేహం కలిగిస్తున్నాయనీ, అందుకే వచ్చిన ప్రతినే వెనక్కు పంపుతున్నాననీ, తమ దూత చేతికిచ్చిన లేఖ ఇదేనా అని సరిచూసుకోవలసిందనీ రోమ్‌లోని సంఘపెద్దలకు రాశాడు.

సిప్రియన్ నిజంగానే ఆ లేఖను కూటలేఖ అనుకున్నాడా, లేక మర్యాద తప్పకుండా దానిని తిరస్కరించే ఉపాయంగా అలా రాశాడా? రెండవదే ఎక్కువ సంభావ్యమని నా అభిప్రాయం. ఏది నిజమైనా, రోమ్ మాటకు ఎదురైనప్పుడు కార్తేజ్ మొదట అడిగిన ప్రశ్న ఈ మాట చెప్పే అధికారం మీకున్నదా అని కాదు, ఈ ప్రతి సరైనదేనా అని. సుమారు 170 ఏళ్ల తరువాత అదే నగరంలో, అదే ప్రశ్న, మరింత పెద్ద వేదికపై వినబడింది.

పరిభాష గురించి ఒక మాట. ‘పోపు’ అనే మాటకు మూలమైన ‘పాపా’ ఆనాటికి రోమ్ బిషప్పుకు మాత్రమే చెందిన బిరుదు కాదు. రోమ్ ప్రెస్బిటర్లు సిప్రియన్‌కు రాసిన లేఖలలో అతనినే ‘పాపా’ అని సంబోధించారు. కాబట్టి ఈ వ్యాసంలో ‘రోమ్ బిషప్పు’ అనే వాడతాను. తెలుగు కథోలికుల వాడుకలో ‘పీఠాధిపతి’, ‘జ్ఞానస్నానం’ అనే చక్కని మాటలున్నాయి. అయితే ‘పీఠాధిపతి’ అనగానే సాధారణ పాఠకునికి మఠసంప్రదాయం స్ఫురిస్తుంది. అందుచేత ‘బిషప్పు’, ‘బాప్తిస్మం’ అనే మాటలనే గ్రహించాను. ‘పీఠం’ అనే మాటను మాత్రం వదలడానికి వీల్లేదు. వివాదమంతా దాని చుట్టూనే తిరిగింది.

2. సముద్రం దాటిన ఫిర్యాదులు

రోమ్ బిషప్పు తన మాట ఇతర సంఘాలపై నెగ్గించుకోవాలని చూడటం స్టీఫెన్‌తో మొదలు కాలేదు. 2వ శతాబ్ది చివర రోమ్ బిషప్పు విక్టర్, పస్కా పండుగ తేదీ విషయంలో తమ ఆచారాన్ని అనుసరించని ఆసియా సంఘాలను సహవాసం నుంచి వెలివేయబూనాడు. ఎఫెసు బిషప్పు పోలిక్రతీస్ తమ ప్రాంతపు అపొస్తలుల, పరిశుద్ధుల సమాధులను సాక్ష్యంగా చూపి ఎదురు నిలిచాడు. ఆచారం విషయంలో రోమ్‌తో ఏకీభవించిన లియోన్ బిషప్పు ఇరేనియస్ కూడా విక్టర్ తొందరపాటును తప్పుపట్టాడు. ఈ ఘటన మనకు యూసేబియస్ చరిత్ర ద్వారా తెలుస్తున్నది. అక్కడ వాదం సంప్రదాయం పేరుతో సాగింది తప్ప, పేతురు వారసత్వమనే హక్కు ఆ లేఖలలో ముందుకు రాలేదు.

కార్తేజ్ పరిస్థితి వేరు. హింస తగ్గిన తరువాత, బలి అర్పించినవారిని, అర్పించినట్లు ధ్రువపత్రాలు సంపాదించినవారిని తిరిగి ఎలా చేర్చుకోవాలన్నది 251లో ప్రధాన సమస్య అయింది. ఆ ధ్రువపత్రాలు కొన్ని ఈజిప్టు ఇసుకలో నేటికీ దొరికాయి. పడిపోయినవారి పట్ల మెతకదనం కూడదన్న నొవేషియన్ రోమ్‌లో పోటీ బిషప్పుగా నిలిచాడు. కార్తేజ్‌లో మెతకదనం కావాలన్న వర్గం సిప్రియన్‌కు ఎదురు తిరిగింది. ఒక నగరానికి ఇద్దరు బిషప్పులుండటమనే విపత్తుకు సమాధానంగా సిప్రియన్ 251లో సంఘ ఏకత్వాన్ని గురించిన చిన్న గ్రంథాన్ని రాశాడు. దాని నాలుగవ అధ్యాయం గురించి తరువాత వివరంగా చూద్దాం.

252లో ఆ కార్తేజ్ తిరుగుబాటు వర్గం ఓడ ఎక్కి రోమ్ వెళ్లి, బిషప్పు కొర్నేలియస్ మద్దతు కోరింది. అప్పుడు సిప్రియన్ కొర్నేలియస్‌కు రాసిన లేఖ (సంపుటిలో 59వది) ఈ చరిత్రకు తాళంచెవి వంటిది. అందులో రోమ్‌ను పేతురు పీఠంగా, యాజక ఏకత్వానికి మూలమైన ప్రధాన సంఘంగా పేర్కొన్నాడు. అదే లేఖలో, నేరం జరిగిన చోటనే విచారణ జరగాలనీ, ప్రతి కాపరికీ మందలో ఒక భాగం అప్పగించబడిందనీ, దాని లెక్క అతడు ప్రభువుకే చెప్పుకోవాలనీ వాదించాడు. రోమ్ అధికారాన్ని సమర్థించేవారు మొదటి భాగాన్ని, వ్యతిరేకించేవారు రెండవ భాగాన్ని శతాబ్దాలుగా ఉదాహరిస్తూ వచ్చారు. రాసినవానికి ఆ రెండింటి మధ్య వైరుధ్యం కనిపించలేదు. మూలం కావడం వేరు, తీర్పరి కావడం వేరు అన్నది అతని దృష్టి.

స్టీఫెన్ 254లో రోమ్ బిషప్పయ్యాడు. స్పెయిన్‌లో పదవి కోల్పోయిన బసిలిడీస్ రోమ్ వెళ్లి తనను తిరిగి నియమించేలా స్టీఫెన్‌ను ఒప్పించుకున్నాడు. స్పెయిన్ సంఘాలు కార్తేజ్‌ను ఆశ్రయించాయి. సిప్రియన్ నాయకత్వంలో 37 మంది బిషప్పులు సమావేశమై బసిలిడీస్ తొలగింపు సరైనదేననీ, దూరాన ఉన్న స్టీఫెన్ అసలు సంగతి తెలియక మోసపోయాడనీ రాశారు. ఇంతవరకు సిప్రియన్ ప్రాంతీయ స్వాతంత్ర్యవాదిగా కనిపిస్తాడు. కాని నొవేషియన్ పక్షం వహించిన ఆర్ల్ బిషప్పు మార్సియన్‌ను తొలగించే విషయంలో ఇదే సిప్రియన్, గాల్ బిషప్పులకు గట్టిగా లేఖ రాయమని స్టీఫెన్‌నే ఒత్తిడి చేశాడు. తనకు నచ్చిన పని రోమ్ చేస్తే సంఘ ఏకత్వ రక్షణ, నచ్చనిది చేస్తే అజ్ఞానం. సిప్రియన్ అభిమానులు ఈ రెండవ లేఖను తేలికగా దాటవేస్తుంటారు. అది సరికాదు.

3. బాప్తిస్మ వివాదం: పూర్వపక్షంగా మిగిలిన స్టీఫెన్

నొవేషియన్ వర్గం చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవారు కొందరు ప్రధాన సంఘంలోకి రాసాగారు. వారికి మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా? సంఘం వెలుపల పరిశుద్ధాత్మ లేదు కాబట్టి అక్కడ జరిగినది బాప్తిస్మమే కాదని, ఇచ్చేది మొదటి బాప్తిస్మమే తప్ప రెండవది కాదని సిప్రియన్ వాదం. అగ్రిప్పినస్ కార్తేజ్ బిషప్పుగా ఉన్ననాటి సభ ఇలాగే నిర్ణయించింది. రోమ్ ఆచారం ప్రకారం అలా వచ్చినవారిపై పశ్చాత్తాప సూచకంగా చేతులుంచితే చాలు. సమస్య చిన్నదేమీ కాదు. ఒక మనిషి రక్షణ, అతనికి బాప్తిస్మమిచ్చినవాని యోగ్యతపై ఆధారపడుతుందా అన్నది దాని అంతరార్థం. సామాన్య విశ్వాసి దృష్టిలో తాను క్రైస్తవుడా కాదా అన్నంత ప్రశ్న అది.

255లో 31 మంది, 256 వసంతంలో 71 మంది బిషప్పులు కార్తేజ్‌లో సమావేశమై సిప్రియన్ వాదాన్ని ఆమోదించారు. రెండవ సభ తీర్మానాన్ని స్టీఫెన్‌కు పంపుతూ, తాము ఎవరినీ బలవంతపెట్టడం లేదనీ, ఎవరికీ శాసనం విధించడం లేదనీ, ప్రతి బిషప్పూ తన సంఘ నిర్వహణలో స్వతంత్రుడై దేవునికి లెక్క అప్పగిస్తాడనీ చేర్చారు. మాటలో వినయం ఉన్నా అది హద్దును గీసే వినయం.

స్టీఫెన్ ప్రత్యుత్తరం మనకు దక్కలేదు. అందులోని ఒకటి రెండు వాక్యాలు మాత్రం, వాటిని ఖండించడానికి సిప్రియన్ తన లేఖలో ఉదాహరించినందువల్ల మిగిలాయి. సబ్రతా బిషప్పు పొంపేయస్‌కు రాసిన ఆ 74వ లేఖే ఇక్కడ మనకు ఆధారం. దాని ప్రకారం, ఏ మతభేదం నుంచి వచ్చినవారి విషయంలోనైనా పరంపరగా వచ్చినది తప్ప కొత్తదేదీ చేయకూడదన్నది స్టీఫెన్ ఆజ్ఞ. చార్వాకులను వారి ప్రతివాదుల గ్రంథాలలోని పూర్వపక్షం ద్వారా తెలుసుకోవలసిరావడం మనకు అలవాటే. ఈ వివాదంలో రోమ్ బిషప్పుది అదే స్థితి. చరిత్రలో గెలిచినవారి రాతలే మిగులుతాయనే సూత్రం ఇక్కడ తలకిందులైంది. ఆచారం విషయంలో చివరకు నిలిచింది రోమ్ పద్ధతి. పత్రాలలో నిలిచింది కార్తేజ్.

ఆఫ్రికా నుంచి వెళ్లిన బిషప్పు దూతలను స్టీఫెన్ మాట్లాడనివ్వలేదనీ, వారికి ఎవరూ ఇంట చోటివ్వకూడదని ఆదేశించాడనీ కప్పదోకియలోని కైసరయ బిషప్పు ఫర్మిలియన్ లేఖ చెబుతున్నది. సిప్రియన్‌కు గ్రీకులో రాసిన ఈ లేఖ, లాటిన్ అనువాదంగా అతని లేఖల సంపుటిలో 75వదిగా చేరింది. అందులో కోపం దాచుకోలేదు. ఇతరులందరినీ వెలివేయబోయి స్టీఫెన్ తనను తానే వెలివేసుకున్నాడని ఫర్మిలియన్ ఎద్దేవా చేశాడు. అన్నిటికంటే విలువైన సాక్ష్యం మరొకటి: తన పీఠస్థానాన్ని గురించి స్టీఫెన్ గొప్పలు పోతున్నాడనీ, సంఘానికి పునాది అయిన పేతురు వారసత్వం తనదేనని చెప్పుకుంటున్నాడనీ అందులో ఉంది. మత్తయి సువార్త 16వ అధ్యాయంలో క్రీస్తు పేతురుతో అన్న మాటను ఒక రోమ్ బిషప్పు తన అధికారానికి ఆధారంగా వాడినట్లు తెలిపే తొలి స్పష్టమైన ఆధారం ఇదేనని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు. ఆ హక్కు ప్రకటన మనకు శత్రువు నోట వినిపించడం గమనార్హం.

256 సెప్టెంబరు 1న ఆఫ్రికా, నుమిదియా, మౌరెతానియా ప్రాంతాల బిషప్పుల పెద్ద సభ జరిగింది. మొత్తం 87 అభిప్రాయాలు ఒక్కొక్కటిగా నమోదయ్యాయి. ఓయా బిషప్పు నటాలిస్ తన మాటతోపాటు సభకు రాని సబ్రతా, లెప్టిస్ మాగ్నా బిషప్పుల మాట కూడా వినిపించాడు. ప్రారంభంలో సిప్రియన్, తమలో ఎవరూ బిషప్పుల మీద బిషప్పుగా తనను తాను నిలబెట్టుకోవడం లేదనీ, తోటివారిని భయపెట్టి లొంగదీసుకోవడం లేదనీ ప్రకటించాడు. స్టీఫెన్ పేరు లేదు, అవసరమూ లేకపోయింది. స్టీఫెన్ లేఖ ఈ సభకు ముందే అందిందా, తరువాతనా అన్న విషయంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు.

ఈ సభను స్వేచ్ఛకు పతాకగా చిత్రించడంలో ఒక చిక్కుంది. అక్కడ ఒక్క భిన్నస్వరమూ లేదు. ఎవరినీ నిర్బంధించని సభలో 87 అభిప్రాయాలూ ఒకే దిక్కుకు వెళ్లాయి. చిన్న ఊళ్ల బిషప్పులు, తమ ప్రాంతంలోకెల్లా పెద్ద నగరపు బిషప్పు ఎదుట, అతడే అధ్యక్షత వహించిన సభలో మాట్లాడారని మరువరాదు. సముద్రానికి దక్షిణాన కార్తేజ్ నిర్వహించిన పాత్ర, ఉత్తరాన రోమ్ కోరుకున్న పాత్రకు మరీ దూరం కాదు.

అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ సంధికి ప్రయత్నించాడు. 257 ఆగస్టులో స్టీఫెన్ మరణించాడు. వలేరియన్ చక్రవర్తి హింస మొదలైంది. తరువాతి రోమ్ బిషప్పు సిక్స్టస్ 258 ఆగస్టు 6న నలుగురు పరిచారకులతో సహా వధకు గురైన వార్తను ఆఫ్రికాకు చేరవేసినది సిప్రియన్ రాసిన లేఖే. సెప్టెంబరు 14న సిప్రియన్ తల నరికారు. వివాదం పరిష్కారం కాలేదు. వాదించేవారు లేకుండా పోయారు.

4. నాలుగవ అధ్యాయం: రెండు పాఠాలు

సంఘ ఏకత్వాన్ని గురించిన గ్రంథం నాలుగవ అధ్యాయం వ్రాతప్రతులలో రెండు రూపాలలో లభిస్తున్నది. ఒక పాఠంలో పేతురుకు ప్రాథమ్యం ఇవ్వబడిందనీ, పేతురు పీఠాన్ని విడిచినవాడు సంఘంలో ఉన్నానని ఎలా అనుకోగలడనీ భావం ఉంది. రెండవ పాఠంలో ఆ ప్రాథమ్యపు మాట, ఆ పీఠపు మాట లేవు. దానికి బదులు అపొస్తలులందరికీ సమానమైన గౌరవాధికారాలున్నాయనీ, ఏకత్వాన్ని చూపడానికే ఒకనితో ఆరంభం జరిగిందనీ ఉంది. కొన్ని ప్రతులలో రెండూ కలగలిసి కనిపిస్తాయి.

1563లో రోమ్‌లో వెలువడిన ముద్రణలో ప్రాథమ్యపు వాక్యాలు చోటుచేసుకున్నాయి. సంస్కరణోద్యమం ఉద్ధృతంగా ఉన్న ఆ దశలో ఒక ముద్రిత వాక్యం పక్షాల మధ్య ఆయుధమైంది. అవి రోమ్ పక్షంవారు చొప్పించిన ప్రక్షిప్తాలని ప్రొటెస్టెంట్ పండితులు ఆరోపించారు. వియన్నా గ్రంథమాలలో సిప్రియన్ రచనలను పరిష్కరించిన విల్హెల్మ్ హార్టెల్ (1868–71) కూడా వాటిని మూలపాఠంలోకి తీసుకోలేదు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో జాన్ చాప్‌మన్ అనే బెనెడిక్టైన్ సన్యాసి, ఆ వాక్యాల శైలి సిప్రియన్ శైలికి సరిపోతుందని, రెండు పాఠాలూ అతనివే కావచ్చని ప్రతిపాదించారు. మోరిస్ బెవెనో 1938 నుంచి ప్రకటించిన పరిశోధనలలో వ్రాతప్రతుల వంశవృక్షాన్ని పరిశీలించి, క్రమాన్ని తిరగవేశారు: ప్రాథమ్యపు పాఠమే మొదటిది, 251 నాటిది; రెండవది స్టీఫెన్‌తో వివాదం వచ్చాక సిప్రియన్ తానే సవరించుకున్నది. ఈ నిర్ణయాన్ని అందరూ అంగీకరించలేదు గాని, అధికసంఖ్యాకులు దీనివైపే మొగ్గారు.

బెవెనో వాదం నిజమైతే తలెత్తే ప్రశ్న సహజం: సిప్రియన్ అభిప్రాయం మార్చుకున్నాడా? నేను కాదనే అంటాను. 251లో ‘పేతురు పీఠం’ అన్నప్పుడు అతని మనసులో ఉన్నది రోమ్ నగరం మాత్రమే కాదు. క్రమబద్ధంగా నియమితుడైన ప్రతి బిషప్పూ తన ఊళ్లో కూర్చున్న ఆసనం అదే పీఠం. కార్తేజ్‌లో తనను కాదన్నవారు విడిచిపెట్టినది తన పీఠాన్నే, అంటే పేతురు పీఠాన్నే. ఆ మాట రోమ్ చేరేసరికి అర్థం కుదించుకుని ఒక నగరపు ఆస్తిగా మారింది. మాట తనదే, అర్థం మాత్రం పరాయిదైంది. అందుచేత మాటనే తొలగించుకున్నాడు. మూలకర్త చేసిన సవరణకూ లేఖకుని చేర్పుకూ తేడా తెలుసుకోవడం ఎంత కష్టమో తాళపత్ర ప్రతులతో పనిచేసిన మన పరిష్కర్తలకు వివరించనక్కరలేదు. ఇక్కడ మూడు శతాబ్దాలకు పైగా ప్రక్షిప్తమనే ముద్ర మోసిన వాక్యాలు తొలి పాఠంగా తేలాయి. అయితే దానివల్ల రోమ్ వాదానికి ఒనగూడిన బలం పెద్దగా లేదు. సిప్రియన్ వాటిని తొలగించడమే, రోమ్ చేసిన అర్థాన్ని తిరస్కరించడానికి సాక్ష్యమైంది.

5. నైసియా ప్రతులలో లేని నియమాలు

4వ శతాబ్దిలో డొనాటిస్టులు సిప్రియన్‌ను తమ పక్షానికి ప్రమాణంగా చూపారు. 314లో జరిగిన ఆర్ల్ సభ, త్రిత్వం పేర బాప్తిస్మం పొందినవారికి తిరిగి ఇవ్వనవసరం లేదని నిర్ణయించింది. అగస్టీన్ సిప్రియన్ సిద్ధాంతాన్ని విడిచి, అతడు ఏకత్వాన్ని తెంచుకోకుండా విభేదించిన తీరును మాత్రం మెచ్చుకున్నాడు. అందువల్ల ఆఫ్రికా సంఘం ఆచారంలో రోమ్‌తో కలిసింది. అప్పీళ్ల విషయంలో కలవలేదు.

సిక్కా నగరపు ప్రెస్బిటర్ అపియారియస్‌ను అతని బిషప్పు, అగస్టీన్ శిష్యుడైన ఉర్బానస్ వెలివేశాడు. అపియారియస్ రోమ్ వెళ్లి బిషప్పు జోసిమస్‌ను ఆశ్రయించాడు. జోసిమస్ 418లో పొటెన్షియా బిషప్పు ఫాస్టినస్‌ను, ఇద్దరు ప్రెస్బిటర్లను కార్తేజ్‌కు పంపాడు. శిక్షపడిన బిషప్పు రోమ్‌కు అప్పీలు చేసుకోవచ్చునని 325 నాటి నైసియా సభ నియమించిందంటూ పాఠాన్ని కూడా జతచేశాడు.

419 మే 25న బిషప్పు ఔరేలియస్ అధ్యక్షతన సమావేశమైన కార్తేజ్ సభ కార్యక్రమ నివేదిక మనకు లభ్యమవుతున్నది. ఫాస్టినస్ తెచ్చిన పాఠం చదువుతుండగా థగస్తే బిషప్పు అలీపియస్ అడ్డుపడి, తమ దగ్గరి గ్రీకు ప్రతులలో ఈ నియమాలు కనబడలేదని, తూర్పు సంఘాల నుంచి ప్రామాణిక ప్రతులు తెప్పించాలని సూచించాడు. రోమ్ ప్రతినిధి ఇందుకు ఇబ్బంది పడ్డాడు. సంఘాల మధ్య అనుమానం పుడుతుందని, రోమ్ బిషప్పే విచారించుకుంటాడని వారించాడు. సభ వినలేదు. నిజం తేలేవరకు ఆ నియమాలను తాత్కాలికంగా పాటిస్తామని ఒప్పుకుని, ప్రతులకోసం మనుషులను పంపింది. అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్, కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు అట్టికస్ పంపిన ప్రతులు అదే ఏడాది చేరాయి. నవంబరులో వాటిని రోమ్‌కు పంపారు. వివాదాస్పద నియమాలు వాటిలో లేవు.

అవి నిజానికి 343లో సార్డికాలో, అంటే నేటి సోఫియాలో, జరిగిన సభ చేసినవి. రోమ్‌లో వాడుకలో ఉన్న సంకలనాలలో సార్డికా నియమాలు నైసియా నియమాల వెంటనే, వేరు శీర్షిక లేకుండా వరుస సంఖ్యలతో సాగాయి. 20 నియమాల నైసియా జాబితా ఆ విధంగా పెరిగింది. దీనిని బుద్ధిపూర్వకమైన మోసమనడానికి ఆధారం లేదు. తాము రోజూ తెరిచే పుస్తకాన్ని రోమ్ నమ్మింది, అంతే. ఆ పుస్తకం తమకు అనుకూలంగా ఉన్నప్పుడు ఇంకొక ప్రతితో పోల్చిచూడాలన్న ఆలోచన రాకపోవడం మాత్రం ఆలోచించదగినదే.

కథ అక్కడితో ఆగలేదు. థబ్రకా నగరంలో మళ్లీ నిందలపాలైన అపియారియస్ మళ్లీ రోమ్ చేరాడు. ఈసారి బిషప్పు సెలెస్టీన్ అతనిని స్వీకరించి, అదే ఫాస్టినస్ వెంట తిప్పి పంపాడు. 424–426 మధ్య జరిగిన సభలో ఫాస్టినస్ న్యాయవాదిలా అతని పక్షం వహించాడు. మూడు రోజుల విచారణ తరువాత అపియారియస్ తన నేరాలన్నీ తానే ఒప్పుకోవడంతో ఫాస్టినస్ వాదించడానికి ఏమీ మిగలలేదు. సభలోని బిషప్పులు సెలెస్టీన్‌కు రాసిన లేఖలో, ఏ వివాదాన్నైనా అది పుట్టిన ప్రాంతంలోనే ముగించాలన్న నైసియా నియమాన్ని గుర్తుచేశారు. న్యాయవివేకాన్ని దేవుడు ఒక వ్యక్తికి అనుగ్రహించి, సభగా కూడిన ఇంతమందికి నిరాకరిస్తాడని నమ్మడమెలాగని అడిగారు. రోమ్ నుంచి విచారణాధికారులను పంపే పద్ధతికి తాము చూసిన ఏ సభ నియమాలలోనూ ఆధారం కనబడలేదనీ, ఫాస్టినస్‌ను ఇక ఆఫ్రికా భరించలేదనీ స్పష్టంచేశారు.

సెలెస్టీన్ ఏమని బదులిచ్చాడో చెప్పే లేఖ మనకు లేదు. 429లో వాండల్ సేనలు ఆఫ్రికాలో అడుగుపెట్టాయి. 439లో కార్తేజ్ వారి వశమైంది. ఆ సభల తీర్మానాలు, సిరిల్, అట్టికస్‌ల లేఖలతో సహా, ఆఫ్రికా నియమసంకలనంగా ప్రతుల ద్వారా సముద్రం దాటి, అటు గ్రీకు సంఘాల నియమగ్రంథాలలోకీ, ఇటు రోమ్ సంకలనాలలోకీ చేరాయి.